గుర్రాలతో దూరప్రయాణం, మజిలీ: నాంపల్లి, అబిడ్స్ ప్రాంతం

గుర్రంపై ఒక పగటికి మించి సాగే ప్రయాణంలో, చీకటి పడేలోగా మనిషీ గుర్రమూ కలిసి దిగే చోటును మజిలీ అంటారు. అది తోట కావచ్చు, మైదానం కావచ్చు, సరాయి కావచ్చు, అడవి అంచు కావచ్చు. దక్కనులో రైలు రాకముందు సైన్యాలు, వర్తకులు, యాత్రికులు, దొరతనపు ఉద్యోగులు అందరి రాకపోకలూ మజిలీల లెక్కన సాగేవి. హైదరాబాదు నగర ప్రాకారానికి వెలుపల, మూసీకి ఉత్తరాన ఉన్న నాంపల్లి, అబిడ్స్, గోషామహల్, ఫతే మైదాన్ చుట్టుపక్కల నేల అలాంటి దిగుడు తావులకు నెలవు. నేడు అక్కడ రైల్వే స్టేషను, స్టేడియం, ఎగ్జిబిషన్ మైదానం, పబ్లిక్ గార్డెన్స్ ఉన్నాయి. విహారం కోసం గుర్రాలు ఎక్కి అడవి బాటల్లో తిరిగి, అక్కడే గుడారం వేసే అలవాటు ఇప్పుడు అనేక దేశాల్లో ఉంది. తెలుగునాట అది కొద్దిమందికే పరిమితం. అయినా కొత్తచోట గుర్రంతో దిగేవారికి కావలసిన జ్ఞానం పాత మజిలీలదే: నీరు ఎక్కడ, మేత ఎక్కడ, గుర్రాన్ని కట్టేది దేనికి అన్న మూడు ప్రశ్నలు. రౌతు నేర్పు వీటి తర్వాతి మాట.

చరిత్ర

దక్కను పీఠభూమిలో మేలుజాతి గుర్రాలు తగినన్ని పుట్టవు. అరేబియా, పర్షియాల నుంచి ఓడల్లో వచ్చిన గుర్రాలే సైన్యాలకు ఆధారం. అందుకే గుర్రాల వర్తకులను ఆదరించడం రాజనీతిలో భాగమైంది. శ్రీకృష్ణదేవరాయలు ‘ఆముక్తమాల్యద’ రాజనీతి ఘట్టంలో, దూరదేశాల నుంచి ఏనుగులు, గుర్రాలు తెచ్చే వర్తకులకు పట్టణంలో వసతి, మంచి ధర, గౌరవం దక్కేలా చూడాలని, ఆ జంతువులు శత్రువుల చేతికి పోకుండా చూసుకోవాలని చెబుతాడు. గుర్రాల సుళ్ళు, రంగులు, గుణదోషాలు, పోషణ చెప్పే అశ్వశాస్త్రానికి తెలుగులోనూ గ్రంథాలు వచ్చాయి. వాటిలో మనుమంచి భట్టు రచించిన ‘హయలక్షణవిలాసం’ ప్రసిద్ధం.

గోల్కొండ కాలం: 1578లో మూసీపై కట్టిన పురానాపూల్ గోల్కొండ కోటను అవతలి ఒడ్డుకు కలిపింది. 1591లో ఆ ఒడ్డున హైదరాబాదు వెలసింది. కోటకూ వంతెనకూ నడుమ వర్తకుల బిడారులు దిగిన చోటు నేటికీ కార్వాన్ అనే పేరుతోనే ఉంది. 17వ శతాబ్దంలో పలుమార్లు గోల్కొండకు వచ్చిన ఫ్రెంచి రత్నవర్తకుడు తావెర్నియే నగరంలోని రెండంతస్తుల సరాయిలను, వాటి విశాలమైన సావళ్ళను, చల్లని గదులను మెచ్చుకున్నాడు. ఈ దేశంలో గుర్రాలకు పెట్టే దాణా అతనికి వింతగా తోచింది. యూరపులో పెట్టే ఓట్స్‌కు బదులు ఇక్కడ దంచి నానబెట్టిన పప్పుగింజలు, పిండిలో బెల్లం, వెన్న కలిపి పిసికిన ముద్దలు పెట్టేవారు.

1687 ముట్టడి: ఔరంగజేబు గోల్కొండను సుమారు 8 నెలలు ముట్టడించాడు. కోట 1687 సెప్టెంబరులో పట్టుబడింది. వేల గుర్రాలున్న సైన్యం ఒకేచోట నెలల తరబడి దిగితే ఏమవుతుందో ఈ ముట్టడి చూపింది. ఆ ఏటి వానలకు మూసీ పొంగింది, ముట్టడి దిబ్బలు కూలాయి, రాకపోకలు తెగి ధాన్యానికి, మేతకు కరువొచ్చింది. మనుషులూ జంతువులూ పెద్దసంఖ్యలో చనిపోయారు.

మొగలుల శిబిరం అసలు ఒక కదిలే పట్టణం. అందులో బాదుషాకు రెండు జతల డేరాలు ఉండేవి. ఒకదానిలో ఆయన బస చేస్తుండగా రెండోది ముందు మజిలీకి వెళ్ళి సిద్ధమయ్యేది. దాన్ని పేష్‌ఖానా అనేవారు. చీకట్లో శిబిరానికి తిరిగివచ్చేవారు దారి తప్పకుండా 40 గజాల పైచిలుకు ఎత్తున స్తంభం నిలిపి, 16 తాళ్ళతో బిగించి, కొసన పెద్ద దీపం వెలిగించేవారని అబుల్ ఫజల్ ‘ఐన్-ఇ-అక్బరీ’లో వర్ణించాడు. దాని పేరు ఆకాశదియా. వేల డేరాలు ఒకేలా కనిపించే చోట అది పెద్ద అవసరం.

గోల్కొండ ముట్టడి చివరి రాత్రి, కోట తలుపు లంచంతో తెరుచుకున్నాక, సుల్తాను సేనాని అబ్దుర్ రజాక్ లారీ జీను కూడా సరిగా బిగించని గుర్రంపై ఎదురు నిలిచి ఒళ్ళంతా గాయాలతో పోరాడాడని చరిత్రకారులు రాశారు. స్పృహ తప్పేవేళ వాగెలు పట్టే శక్తి లేని రౌతును గుర్రమే కొట్లాట నుంచి దూరంగా మోసుకుపోయిందట.

ఆసఫ్‌జాహీ కాలం: 18వ శతాబ్దంలో నగరం చుట్టూ ప్రాకారం పూర్తయింది. అది మూసీకి దక్షిణాన మాత్రమే ఉంది. ఉత్తరపు ఒడ్డున బేగంబజారు, చాదర్‌ఘాట్, నాంపల్లి బయటి పేటలుగా పెరిగాయి. నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ 1786లో ఇక్కడే ఫిరంగుల కార్ఖానా, అంటే నేటి గన్‌ఫౌండ్రీ కట్టించాడు. బ్రిటిషు రెసిడెన్సీ కోఠిలో 1803 తర్వాత లేచింది. 1806లో సికింద్రాబాదు దండుకు ఆ పేరు వచ్చింది. ఈ రెంటి మధ్య గుర్రాల రాకపోకలు రోజూ సాగాయి.

1830 మే 18న మద్రాసులో బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చిన ఏనుగుల వీరాస్వామయ్య పరివారంతో, డేరాలతో హైదరాబాదు మీదుగా నిర్మల్, నాగపూరు దారిన కాశీకి వెళ్ళాడు. ఆయన ప్రయాణం పల్లకీలో. కానీ 1838లో అచ్చయిన ‘కాశీయాత్ర చరిత్ర’ ఆనాటి మజిలీ పుస్తకాల్లో తెలుగులో సాటిలేనిది. ఊరూరా దిగడానికి వసతి ఉందా, నీళ్ళు మంచివా, సరుకులు దొరుకుతాయా, దారి ఇసుకా రాయా అని రాసుకుంటూ పోయాడు. తెలియని దేశంలో ఉదయమే బయలుదేరేవాడికి కావలసింది సరిగ్గా ఆ సమాచారమే.

ఆ రోజుల్లో మజిలీలకు దొంగల భయం ఉండేది. యాత్రికులతో స్నేహం కలిపి, దారి మధ్యలో ఉరి బిగించి దోచుకునే థగ్గుల ముఠాలను నిజాం రాజ్యంలోనూ 1830లలో పట్టుకున్నారు. నిజాం కొలువులో పనిచేసిన మెడోస్ టేలర్ 1839లో రాసిన ఇంగ్లీషు నవల ‘కన్ఫెషన్స్ ఆఫ్ ఎ థగ్’ ఆ విచారణల నుంచి పుట్టిందే.

19వ శతాబ్దం చివరికి గుర్రపు మజిలీ అవసరం నుంచి విలాసంలోకి మళ్ళింది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ వేట శిబిరాలు నేటి వరంగల్ జిల్లా అడవుల్లో జరిగేవి. 1902లో వైస్రాయ్ కర్జన్ నెక్కొండ దగ్గర పులివేటకు వచ్చినప్పటి ఛాయాచిత్రాలను నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ స్టూడియో తీసింది.

నాంపల్లి, అబిడ్స్‌లో గుర్రపు తావులు

ఫతే మైదాన్: గోల్కొండ ముట్టడిలో మొగలు సైనికులు ఇక్కడ దిగారని, విజయం తర్వాత ఈ పేరు వచ్చిందని చెబుతారు. పక్కనే నౌబత్ పహాడ్ అనే గుట్ట. నిజాముల కాలంలో ఇది పోలో మైదానం. 1967లో లాల్ బహదూర్ స్టేడియం అయింది.

యూసుఫైన్ దర్గా: నాంపల్లిలో యూసుఫ్ సాహెబ్, షరీఫ్ సాహెబ్‌ల సమాధులున్న చోటు. వీరిద్దరూ ఔరంగజేబు సైన్యంలో సిపాయిలుగా వచ్చినవారు. ఒక రాత్రి గాలివానకు శిబిరంలోని గుడారాలన్నీ కూలిపోగా ఒక్క గుడారమే నిలిచిందని, అందులో వీరిద్దరూ దీపం వెలుగులో ఖురాను చదువుతూ కనిపించారని కథ. దర్గాకు అన్ని మతాల వారూ వస్తారు. వానాకాలపు శిబిరం ఎంత కష్టమో ఈ కథే ఈ పేటలో నేటికీ చెబుతోంది.

గోషామహల్: చివరి కుతుబ్‌షాహీ సుల్తాను అబుల్ హసన్ తానీషా అంతఃపుర స్త్రీల కోసం తోటలతో కట్టించిన మహలు. మిగిలిన బారాదరిని 1872లో ఫ్రీమేసన్లకు ఇచ్చారు. ఈ పేటలోని పోలీసు మైదానం నగర పోలీసు అశ్వదళానికి చాలాకాలం నిలయం. ఊరేగింపులు, నిమజ్జనాల బందోబస్తులో కనిపించే పోలీసు గుర్రాలు అక్కడి నుంచే వచ్చేవి. ఆ మైదానంలో ఉస్మానియా ఆసుపత్రి కొత్త భవనాలకు 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది.

బాగ్-ఎ-ఆమ్: 1846లో ఏర్పడిందని చెప్పే ఈ తోటను ఇప్పుడు పబ్లిక్ గార్డెన్స్ అంటారు. ఇది నాంపల్లి స్టేషనుకు దగ్గరలోనే ఉంది. శాసనసభ భవనం, మ్యూజియం, జూబిలీ హాలు దీని ఆవరణలో ఉన్నాయి. ఇక్కడి జంతుప్రదర్శనశాల 1963లో బహదూర్‌పురాకు తరలింది. 1938లో మొదలైన నుమాయిష్ ప్రదర్శన కూడా మొదట ఇక్కడే జరిగి, 1946లో ఎగ్జిబిషన్ మైదానానికి మారింది.

నాంపల్లి సరాయి: 1907లో వచ్చిన రైల్వే స్టేషనుకు చేరువలో, 1919లో ఏడో నిజాం కాలంలో కట్టింది. టీపూఖాన్ సరాయి అని కూడా పిలుస్తారు. రైలు దిగిన యాత్రికుడు రాత్రి తలదాచుకునే చోటు అది. గుర్రం దిగినవాడికి బదులు రైలు దిగినవాడి కోసం సరాయి కట్టడం రవాణా మారిందనడానికి గుర్తు.

అబిడ్స్: మహబూబ్ అలీఖాన్ దగ్గర పనిచేసిన ఆల్బర్ట్ అబిద్ ఇక్కడ పెట్టిన దుకాణం నుంచి ఈ పేరు వచ్చింది. గుర్రపు బగ్గీల్లో వచ్చే సంపన్నులు అతని ఖాతాదారులు. మోజంజాహీ మార్కెట్టు 1935లో తెరుచుకుంది. స్టేషన్ల దగ్గర, బజార్ల దగ్గర టాంగాల అడ్డాలు ఉండేవి. 1932లో నిజాం ప్రభుత్వ రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణా ప్రారంభించింది. బస్సులు, రిక్షాలు, తర్వాత ఆటోలు టాంగాను క్రమంగా వీధుల నుంచి తప్పించాయి.

ఈ స్థలాల వరుసను గమనిస్తే ఒక పోలిక తెలుస్తుంది. అన్నీ ప్రాకారానికి బయట, మూసీకీ హుస్సేన్ సాగర్‌కూ నడుమ ఉన్నాయి. నీరు దగ్గర, నేల విశాలం, రాత్రి నగర ద్వారాలు మూసినా బయట దిగేవారికి ఇబ్బంది లేదు. ఇరవయ్యో శతాబ్దంలో స్టేషను, స్టేడియం, ఎగ్జిబిషన్ ఇక్కడే రావడానికి ఆ ఖాళీ నేల కూడా ఒక కారణం.

గుర్రాలు, పనివాళ్ళు

దక్కనులో దూరప్రయాణానికి పేరున్న దేశీయ రకం భీమానది పరీవాహకానికి చెందిన భీమ్‌తడీ. దాన్నే దక్కనీ గుర్రం అంటారు. ఎత్తు తక్కువ, ఒళ్ళు గట్టి, డెక్క గట్టి. కొండరాళ్ళ దారిలో పెద్ద అరబ్బీ కంటే ఇదే నమ్మకం. మరాఠా రౌతుల వేగానికి ఇదే ఆధారం. రాజస్థాన్ మార్వాడీ, సౌరాష్ట్ర కాఠియావాడీ గుర్రాలు, రేసుల నుంచి విశ్రమించిన థరోబ్రెడ్‌లు ఇప్పుడు హైదరాబాదు సవారీ బడుల్లో కనిపిస్తాయి. థరోబ్రెడ్ వేగానికి పుట్టింది. బాటప్రయాణానికి దాని పల్చని చర్మం, పలుచని డెక్క, బెదురు గుణం ఇబ్బంది పెడతాయి. నాందేడ్ జిల్లా మాళెగావ్‌లో ఖండోబా జాతరకు జరిగే గుర్రాల సంత నిజాం కాలం నుంచీ తెలంగాణ కొనుగోలుదారులకు తెలిసినదే. దేశంలో గుర్రాలు, పోనీలు 2012 పశుగణనలో 6 లక్షలకు పైగా ఉండగా, 2019కి 3.4 లక్షలకు తగ్గాయి.

గుర్రానికి దాణా, మాలిష్ చూసేవాడు సయీసు. లాడాలు కొట్టేవాడు నాల్‌బంద్. పాత శిబిరాల్లో గడ్డి కోసుకొచ్చే మనిషి వేరుగా ఉండేవాడు. గుర్రానికి ఒక సయీసు, ఒక గడ్డికోతవాడు అన్నది బ్రిటిషు దండుల్లోనూ సాగిన లెక్క. ఈ ముగ్గురి పనినీ ఇప్పటి విహారయాత్రికుడు తానే చేసుకోవాలి. కష్టం అక్కడే మొదలవుతుంది.

కొత్తచోట మజిలీ చేసే పద్ధతి

ముందుచూపు: పేష్‌ఖానా సూత్రం ఇప్పటికీ చెల్లుతుంది. గుర్రాలతో బయలుదేరే ముందు ఒక మనిషి బండిలో వెళ్ళి చోటు చూసిరావాలి. చెరువులో నీరుందా, గట్టు నుంచి నీటి దాకా గుర్రం దిగగలదా, చుట్టూ ఏం మొక్కలున్నాయి, ఎవరి భూమి, కుక్కలున్నాయా, రాత్రి లారీ తిరిగేంత చోటుందా అన్నవి పటంలో కనిపించవు.

దూరం: కదం నడకలో గుర్రం గంటకు 6 నుంచి 7 కిలోమీటర్లు పోతుంది. దుల్కీలో, అంటే నడకకూ దౌడుకూ నడిమి పరుగులో, దాదాపు రెట్టింపు. బాట తెలియనప్పుడు రోజుకు 25 నుంచి 35 కిలోమీటర్లు చాలు. నాంపల్లి నుంచి వికారాబాదు దగ్గరి అనంతగిరి కొండలు సుమారు 80 కిలోమీటర్లు. కారులో రెండు గంటల దారి, గుర్రంపై మూడు రోజులు. చేవెళ్ళ దారిలో వందల మర్రిచెట్ల నీడ ఉంది గానీ, తారురోడ్డుపై దుల్కీ కీళ్ళకు చేటు. ఈ చుట్టుపక్కల నేల గ్రానైటు బండ. లాడం తొడిగిన డెక్క నున్నని బండపై జారుతుంది. అక్కడ రౌతు దిగి, వాగెలు పట్టి నడిపించడమే మేలు.

బరువు: రౌతు, జీను, సామాను కలిపి గుర్రం బరువులో అయిదో వంతు దాటకూడదని సాధారణ సూత్రం. 350 కిలోల గుర్రానికి 70 కిలోలు.

దిగిన వెంటనే: చివరి కిలోమీటరు నడకలోనే రావాలి. దిగాక జీను పట్టీ వదులు చేయాలి, పూర్తిగా తీయకూడదు. వెచ్చని వీపుకు ఒక్కసారిగా గాలి తగిలితే వాపు వస్తుందని పాతవారి మాట. పది నిమిషాల తర్వాత జీను తీసి, అరచేతిని వీపు పొడుగునా వెంట్రుకల దిశలో నెమ్మదిగా జరపాలి. ఒకచోట వేడి ఎక్కువగా తగిలినా, చేయి తగలగానే గుర్రం చర్మం వణికించి వీపు కిందికి వంచినా, అక్కడ జీను ఒరుసుకుందని అర్థం. రేపటికి అది పుండు. తర్వాత కాళ్ళు ఒక్కొక్కటే ఎత్తించి, డెక్క మధ్యలోని మెత్తని భాగం పక్క గాడిలో ఇరుక్కున్న మట్టిని, గులకరాళ్ళను ఇనుప కొక్కెంతో మడమ వైపు నుంచి ముందుకు గీకి తీయాలి. గోరంత రాయి రాత్రంతా ఉంటే తెల్లారేసరికి కుంటుతుంది. చివరగా లాడం మేకులు వదులయ్యాయేమో వేలితో తడిమి చూడాలి.

గుండె లెక్క: విశ్రాంతిలో గుర్రం గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది. అంతర్జాతీయ దూరపు పందేల్లో మజిలీ దగ్గర పశువైద్యులు చూసే గీటు 64. విహారయాత్రలో అరగంట విశ్రాంతి తర్వాత కూడా ఆ అంకె పైనే ఉంటే ఆరోజుకు ప్రయాణం ఆపేయాలి.

కట్టు: గుర్రాన్ని కట్టడంలో దక్కనీ పద్ధతి అగాడి, పిఛాడి. మెడ లేదా తలపట్టీ నుంచి రెండు తాళ్ళు ముందుకు చెరోవైపు మేకులకు, వెనక కాళ్ళ నుంచి తాళ్ళు వెనుక మేకులకు కడతారు. వరుసగా నిలిచిన వందల గుర్రాలు ఒకదాన్నొకటి తన్నకుండా ఉండటానికి ఇది ఉపాయం. అలవాటు లేని గుర్రానికి వెనుకతాడు చుట్టుకుంటే కాలు విరుచుకుంటుంది. అందుకే ఇప్పుడు ఎక్కువమంది రెండు చెట్ల నడుమ గుర్రం తలకంటే ఎత్తున తాడు లాగి, దానికి తలతాడు వేలాడదీస్తారు. చెట్టుకు నేరుగా కడితే గుర్రం బెరడు కొరికి చెట్టును చంపుతుంది, గిట్టలతో వేళ్ళను తవ్వుతుంది. తలతాడు నేలకు తగిలేంత పొడుగు ఉండరాదు. ముడి ఒక్క లాగుకు ఊడేలా ఉండాలి. ఏ పద్ధతైనా ఇంటి దగ్గర నాలుగు రాత్రులు అలవాటు చేసిన తర్వాతే అడవికి వెళ్ళాలి. గుర్రం మందజంతువు. ఒంటరిగా కడితే రాత్రంతా సకిలిస్తూ తాడు తెంపుకోవాలని చూస్తుంది. పక్కన తెలిసిన గుర్రం ఉంటే కుదురుగా నిలబడుతుంది.

నీరు: గుర్రానికి రోజుకు 25 నుంచి 45 లీటర్ల నీరు కావాలి. ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. కొత్త ఊరి నీటి వాసన నచ్చక తాగని గుర్రాలుంటాయి. ఇంటి దగ్గరి నుంచే నీటిలో కొద్దిగా బెల్లం కలిపి అలవాటు చేస్తే, ఎక్కడ బెల్లం కలిపినా తాగుతాయి. వాగులోకి దించి కాకుండా బకెట్టుతో తాపితే నీరు పాడవదు, ఒడ్డు తెగదు.

మేత: గుర్రం కడుపు చిన్నది, పేగు పెద్దది. వాంతి చేసుకోలేదు. అందుకే కొద్దికొద్దిగా చాలాసార్లు తినాలి. రోజుకు శరీర బరువులో సుమారు 2 శాతం మేత కావాలి. అందులో ఎక్కువ భాగం గడ్డే. తెలుగునాట గుర్రపు దాణా అంటే ఉలవలు. ఉడికించి గుగ్గిళ్ళుగా చేసి, తోబ్రా అనే సంచిలో పోసి మూతికి కడతారు. తోబ్రా కట్టడంలో లాభం ఏమంటే గింజ నేలపాలవదు, ఇసుక లోపలికి పోదు. గుడ్డిదైనా గుర్రానికి దాణా తప్పదన్న సామెత తెలుగువారికి తెలిసిందే. మేతను ఒక్కరోజులో మారిస్తే శూల వస్తుంది. కాబట్టి పాత గడ్డిని వెంట తీసుకుపోయి, కొత్త గడ్డితో వారంపాటు కలుపుతూ మార్చాలి.

అపాయాలు

విషమొక్కలు: పార్కుల్లో, రోడ్ల నడుమ అందానికి నాటే గన్నేరు గుర్రానికి ప్రాణాంతకం. గుప్పెడు ఆకులు చాలు గుండె ఆగడానికి. కొమ్మ ఎండినా విషం పోదు. ఆముదపు గింజలు, ఉమ్మెత్త, అడవుల్లో విరివిగా పెరిగే లాంటానా కూడా అపాయమే. వర్షాభావంలో గిడసబారిన లేత జొన్నపైరులో సైనైడు చేరుతుంది. నగర శివార్లలో కోళ్ళఫారాల పక్కన దిగేవారు మరొకటి గుర్తుంచుకోవాలి. కోళ్ళ దాణాలో కలిపే మొనెన్సిన్ వంటి మందులు కోళ్ళకు మేలు చేసినా గుర్రాన్ని చంపుతాయి.

రోగాలు: గ్లాండర్స్ అంటువ్యాధి గుర్రం నుంచి మనిషికీ సోకుతుంది. ఉమ్మడి నీటితొట్టి దాని దారి. కొత్తచోట ఉన్న తొట్టిలో తాపకుండా సొంత బకెట్టు వాడాలన్న నియమం అందుకే. రోగం నిర్ధారణ అయిన గుర్రాన్ని చట్టప్రకారం చంపక తప్పదు. జోరీగల వల్ల సుర్రా వస్తుంది. వానాకాలంలో, చెరువుల దగ్గర దీని బాధ ఎక్కువ. ధనుర్వాతం టీకా వేయని గుర్రాన్ని బాటకు తీసుకుపోరాదు.

వాగులు: ఎండిన వాగు ఇసుక మెత్తగా, చదునుగా ఉండి గుడారానికి ఆశ పెడుతుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ ఒక్కరాత్రిలో పొంగి అఫ్జల్‌గంజ్ పరిసరాలను తుడిచిపెట్టింది. వేలమంది చనిపోయారు. పైన ఎక్కడో కురిసిన వాన ఇక్కడ కనిపించదు. మజిలీ ఎప్పుడూ వాగు గట్టుకు పైన, గుర్రాలు తప్పించుకునే దారి ఉన్న చోటే వేయాలి.

చట్టాలు

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం జాతీయ ఉద్యానంలో పశువులను మేపరాదు, వాటిని లోపలికి రానివ్వరాదు. ప్రవేశానికి అనుమతి పొందిన వ్యక్తి వాహనంగా వాడే పశువుకు మాత్రం అదే నిబంధన మినహాయింపు ఇస్తుంది. అంటే గుర్రమెక్కి పోవడం చట్టానికి కొత్త కాదు, అనుమతి ఉండాలి, గుర్రం మేయకూడదు. హైదరాబాదు పరిసరాల్లోని కాసు బ్రహ్మానందరెడ్డి, మృగవని, మహావీర్ హరిణ వనస్థలి మూడూ జాతీయ ఉద్యానాలే. అభయారణ్యాల్లో నిప్పు రాజేయడంపై ఆంక్షలున్నాయి. వాటికి 5 కిలోమీటర్లలోపు పశువులకు టీకాలు వేయించాలని కూడా ఈ చట్టం చెబుతోంది.

బండిలాగే, బరువు మోసే పశువుల 1965 నిబంధనలు పోనీపై 70 కిలోలు, కంచరగాడిదపై 200 కిలోలు మించరాదంటాయి. రోజుకు 9 గంటలు, విరామం లేకుండా 5 గంటలు దాటి పని చేయించరాదు. ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటే ప్రాంతాల్లో మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు పని నిషిద్ధం. హైదరాబాదులో ఏప్రిల్, మే నెలల్లో ఆ వేడి మామూలే. పాతకాలపు బిడారులు తెల్లవారుజామున కదిలి, ఎండ ముదరకముందే దిగింది ఇందుకే.

ఇతర ప్రాంతాలు

ఆంధ్రప్రదేశ్‌లో పాడేరు ఏజెన్సీ కొండల్లో గిరిజనులు ఇప్పటికీ గుర్రాలపై సంతలకు సరుకులు చేరవేస్తారు. రోడ్డులేని ఊళ్ళకు ఎన్నికల సామగ్రి కూడా గుర్రాలపై వెళ్ళిన సందర్భాలున్నాయి. తెలుగునాట కొండబాటపై గుర్రాన్ని నడిపే సజీవ విద్య నేడు ప్రధానంగా వారి దగ్గరే ఉంది. హిమాలయాల్లో యాత్రికులను మోసే పోనీలది పెద్ద వృత్తి. అమెరికాలో జాతీయ పార్కులు, అడవుల్లో గుర్రాలకు ప్రత్యేక శిబిరాలు ఉన్నాయి. అక్కడ చాలాచోట్ల కలుపు విత్తనాలు లేని గడ్డి మాత్రమే తేవాలి, నీటికి సుమారు 60 మీటర్ల దూరాన దిగాలి, లద్దెను చెదరగొట్టాలి లేదా మోసుకుపోవాలి. 1955లో కాలిఫోర్నియాలో మొదలైన టెవిస్ కప్‌లో గుర్రాలు 24 గంటల్లో 100 మైళ్ళు పూర్తిచేయాలి. హైదరాబాదు రౌతులు దూరదేశాలకు వెళ్ళిన ఉదాహరణ మొదటి ప్రపంచ యుద్ధంలో కనిపిస్తుంది. హైదరాబాద్ లాన్సర్లు మైసూరు, జోధ్‌పూర్ దళాలతో కలిసి ఒకే బ్రిగేడుగా పాలస్తీనాలో పనిచేశారు. ఆ బ్రిగేడు 1918 సెప్టెంబరు 23న హైఫాను పట్టుకుంది. ఢిల్లీలోని తీన్‌మూర్తి స్మారకం ఈ మూడు సంస్థానాల సైనికులదే.

నేటి స్థితి

హైదరాబాదులో గుర్రం ఇప్పుడు అయిదు చోట్ల మిగిలింది: మలక్‌పేట రేసుకోర్సు, పోలీసు అశ్వదళం, పెళ్ళి బారాత్‌లు, శివార్లలోని సవారీ బడులు, పోలో మైదానాలు. ఇవన్నీ తెలిసిన ఆవరణలో తెలిసిన గుర్రం చేసే పనులు. తెలియని బాటన పోయి రాత్రి దిగే విద్యకు ఇక్కడ బడి లేదు, అటవీశాఖ నిర్వహించే ప్రకృతి శిబిరాల్లో గుర్రాలకు ఏర్పాటూ కనిపించదు. సవారీ బడుల్లో నేర్చినవారు దౌడు బాగా తీయగలరు. కానీ తోబ్రా కట్టడం, డెక్క చూడటం, ఎత్తుతాడు లాగడం బడి పాఠం కాదు. ఆ పని సయీసు చేస్తాడు.

కాబట్టి ఈ ప్రాంతం నుంచి గుర్రాలతో బాటప్రయాణం తలపెట్టేవారు మొదటి ఏడాది అడవి జోలికి పోకుండా, తెలిసినవారి పొలంలో, బోరునీరు, గడ్డివాము ఉన్నచోట ఒక రాత్రి దిగడంతో మొదలుపెట్టడం మంచిది. సయీసును వెంట తీసుకుపోవాలి, అతని పని నేర్చుకోవాలి. దగ్గరి పశువైద్యుడి చిరునామా, గుర్రాన్ని వెనక్కి తేగల లారీ ముందే సిద్ధంగా ఉండాలి. భూమి యజమాని అనుమతి, అటవీభూమి అయితే అటవీశాఖ అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. ఈ ఏర్పాట్లలో ఏ ఒక్కటి కుదరకపోయినా ప్రయాణం వాయిదా వేసుకోవడమే పద్ధతి.